"పడదు" అనే మాట: పసిపిల్లల దీర్ఘకాలిక పథ్యం – తెలుగు కుటుంబభాష, ఆచారం, ఆచరణ

వ్యాససంగ్రహం:

కొన్ని ఆహారపదార్థాలు ఒంటికి సరిపడని పసిపిల్లలు ఏళ్ల తరబడి, ఒక్కొక్కప్పుడు జీవితాంతం, ఆహారనియమాన్ని పాటించవలసి వస్తుంది. ఆ నియమాన్ని నిర్ణయించేది వైద్యుడు, నిలబెట్టేది కుటుంబం. కుటుంబంలో అది ఒకరి నుంచి మరొకరికి చేరేది మాట ద్వారానే. "అరగదు", "పడదు", "వికటిస్తుంది", "పథ్యం", "ఎంగిలి", "బంతి" వంటి తెలుగు మాటలు ఈ నియమపాలనకు ఎక్కడ తోడ్పడతాయో, ఎక్కడ అపార్థానికి దారితీస్తాయో పరిశీలించి, తల్లిదండ్రులకు ఉపయోగపడే కొన్ని ఆచరణసూత్రాలను ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పథ్యం, ఆహార అసహనం, ఎలర్జీ, సీలియాక్ వ్యాధి, కుటుంబభాష, ఎంగిలి, పంక్తిభోజనం, బాలభాష.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి ఇంట బిడ్డ ఎదుగుదలలోని ప్రతి మెట్టుకూ ఒక వంటకం ముడిపడి ఉంటుంది. ఆరవ నెలలో అన్నప్రాశన, అందులో పాలు, నెయ్యి కలిసిన పాయసం. ఆ తరువాత ఉగ్గు, పప్పుబువ్వ, పెరుగన్నం, గోరుముద్దలు. మన జోలపాటల్లో, లాలిపాటల్లో పాలబువ్వ, వెన్నముద్ద లేని పాటలు తక్కువ. ఇటువంటి ఇంటిలో ఒక బిడ్డకు పాలు గాని, గోధుమ గాని, వేరుశనగ గాని ఇకపై పెట్టకూడదని వైద్యుడు చెప్పినప్పుడు మారవలసినది వంట ఒక్కటే కాదు. పెద్దల ఆప్యాయత వ్యక్తమయ్యే తీరు కూడా మారవలసి వస్తుంది. "పెట్టడం" ప్రేమకు గుర్తయిన చోట "పెట్టకపోవడం" కూడా ప్రేమే అని నమ్మించడం సులభం కాదు.

ఈ ఇబ్బందిని వైద్యశాస్త్రం తన పరిధిలో వివరిస్తుంది. కాని "కొంచెం పెడితే ఏమవుతుంది?" అని నాయనమ్మ అడిగినప్పుడు ఏమని సమాధానం చెప్పాలి, "అందరూ తింటున్నారు, నాకెందుకు పెట్టరు?" అని మూడేళ్ల పిల్లవాడు అడిగినప్పుడు ఏ మాటతో ఊరడించాలి అన్నవి భాషకు, సంస్కృతికి సంబంధించిన ప్రశ్నలు. ఈ వ్యాసం ఆ ప్రశ్నల వరకే పరిమితమైంది. ఇందులోని వైద్యవిషయాలు నేపథ్యంగా చెప్పినవి మాత్రమే. ఏ బిడ్డకైనా ఆహారంలో మార్పు శిశువైద్యుని సలహాతోనే జరగాలి.

2. ఒక మాట – మూడు స్థితులు:

"మా పాపకు పాలు పడవు" అన్న వాక్యం తెలుగునాట అన్ని ప్రాంతాలలోనూ వినిపిస్తుంది. తెలంగాణలో "బిడ్డకు పాలు పడయి" అంటారు. ఈ ఒక్క మాట పరస్పరం భిన్నమైన మూడు స్థితులను కప్పివేస్తోంది.

2.1 అరగకపోవడం: పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను జీర్ణం చేయడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉండాలి. అది తగ్గినప్పుడు పాలు తాగితే కడుపుబ్బరం, నొప్పి, విరేచనాలు కలుగుతాయి. పసిపిల్లలలో ఇది తరచుగా తీవ్రమైన విరేచనాల తరువాత తాత్కాలికంగా వస్తుంది. ఇది బాధ కలిగించేదే గాని, సాధారణంగా ప్రాణాపాయం కాదు. పరిమాణాన్ని బట్టి బాధ మారుతుంది. పాలు పడనివారిలో పెరుగు పడేవారు ఉంటారు. దీనికి "అరగదు" అన్న తెలుగు క్రియ చక్కగా సరిపోతుంది.

2.2 వికటించడం: ఎలర్జీలో పాలలోని మాంసకృత్తులను శరీర రక్షణవ్యవస్థ శత్రువుగా భావిస్తుంది. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఊపిరి అందకపోవడం వంటి లక్షణాలు నిమిషాలలోనే కనిపించవచ్చు. ఇక్కడ "కొంచెం" అన్న మాటకు విలువ లేదు. చెంచా అంచున మిగిలినది కూడా చాలు. తీవ్రస్థితిలో అడ్రినలిన్ ఇంజెక్షనే ప్రథమచికిత్స. ఆలస్యం ప్రాణాంతకం కావచ్చు. "మందు వికటించింది" అన్నప్పుడు తెలుగువారికి కలిగే భయం ఈ స్థితికి తగినది. కనుక ఎలర్జీని "పడదు" అనడం కంటే "వికటిస్తుంది" అనడం ఎక్కువ అర్థవంతం.

2.3 చెరుపు చేయడం: సీలియాక్ వ్యాధిలో గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని గ్లూటెన్ వల్ల శరీరం తన చిన్నపేగు లోపలి పొరను తానే దెబ్బతీసుకుంటుంది. తిన్న వెంటనే ఏమీ కనిపించకపోవచ్చు. నెలలు గడిచేకొద్దీ రక్తహీనత, బరువు పెరగకపోవడం, పొట్ట ఉబ్బడం, ఎదుగుదల నిలిచిపోవడం బయటపడతాయి. వెంటనే హాని కనిపించదు కాబట్టి ఇంట్లో నమ్మకం కుదరడం కష్టం. "నిన్న చపాతీ తిన్నాడు, ఏమీ కాలేదుగా" అన్న వాదన ఇక్కడే పుడుతుంది. "లోపల్లోపల చెరుపు చేస్తుంది" అన్న నుడికారం దీనికి దగ్గరగా ఉంటుంది.

గోధుమకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధం తెలిసిన తీరు గమనింపదగినది. 1888లో ఇంగ్లండు వైద్యుడు సామ్యూల్ గీ ఈ వ్యాధిని వివరించి, చికిత్స ఏదైనా ఉంటే అది ఆహారంలోనే ఉండాలని భావించాడు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అరటిపండ్లు ప్రధానంగా ఉన్న పథ్యాన్ని ప్రతిపాదించాడు. అయితే అసలు కారణం గోధుమ అని నిరూపించినవాడు నెదర్లాండ్స్ శిశువైద్యుడు విల్లెం కారెల్ డికె. 1944–45 చలికాలంలో ఆ దేశంలో కరవు వచ్చి రొట్టె దొరకకుండా పోయిన రోజుల అనుభవం అతని అనుమానాన్ని బలపరచింది. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనగ్రంథంలో ఆ విషయాన్ని స్థాపించాడు. అంతకుముందు వరకు తల్లులు బిడ్డకు ఏది చెరుపు చేస్తున్నదో తెలియకనే అన్నీ మాన్పించేవారు. మాన్పించవలసిన పదార్థం ఏదో కచ్చితంగా తెలియడమే సగం ఉపశమనం.

2.4 వాక్యనిర్మాణం చెప్పే నీతి: "పాపకు పాలు పడవు" అన్న వాక్యంలో కర్త "పాలు", పాప "కు" విభక్తితో ఉంది. అంటే జరుగుతున్న పనికి బిడ్డ బాధ్యురాలు కాదు. "పాప పాలు తాగకూడదు" అన్నప్పుడు బిడ్డ కర్తగా మారి నిషేధానికి లోబడిన వ్యక్తి అవుతుంది. మొదటి వాక్యం స్థితిని చెబుతుంది. రెండవది ఆజ్ఞను చెబుతుంది. పసివయసులో రోజుకు పదిసార్లు "కూడదు" అని వినే బిడ్డకూ, "నీకు పడదు" అని వినే బిడ్డకూ తన శరీరం పట్ల కలిగే భావన ఒకటి కాదు. తెలుగు ఇచ్చిన ఈ సౌకర్యాన్ని తల్లిదండ్రులు వదులుకోరాదు.

దీనికి భిన్నంగా "ఎలర్జీ" అన్న అరువుమాట వాడుకలో పలచబడింది. 1906లో క్లెమెన్స్ ఫాన్ పిర్కే సృష్టించిన ఈ శాస్త్రపదం నేడు తెలుగులో "ఆయనంటే నాకు ఎలర్జీ" అన్న వాక్యం దాకా వచ్చి "అయిష్టం" అన్న అర్థాన్ని సంతరించుకుంది. అందువల్ల "బాబుకు గుడ్డు ఎలర్జీ" అన్నప్పుడు పెద్దలు "గుడ్డంటే ఇష్టం లేదు కాబోలు" అనుకొనే అవకాశం ఉంది. ఆ మాట పక్కన "తింటే ఊపిరి ఆడదు" వంటి స్పష్టమైన తెలుగు వాక్యం చేర్చడం అవసరం.

3. పథ్యం: గడువున్న మాట, గడువు లేని నియమం:

"పథ్యం" అన్న సంస్కృతపదానికి మూలం దారి అనే అర్థం గల "పథిన్" శబ్దం. దారి తప్పనిది పథ్యం. చరకసంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో పథ్యాన్ని నిర్వచిస్తూ, శరీరమార్గాలకు హాని చేయకపోవడంతో పాటు మనసుకు ప్రియంగా ఉండడాన్ని కూడా లక్షణంగా చెప్పడం విశేషం. వాడుకలో పథ్యమంటే చప్పిడి తిండి అన్న అర్థం స్థిరపడి ఈ రెండవ లక్షణం మరుగున పడింది. పసిబిడ్డ విషయంలో దానికే ప్రాధాన్యం ఎక్కువ. మనసుకు నచ్చని పథ్యాన్ని బిడ్డ ఎక్కువకాలం తినడు.

తెలుగు వాడుకలో పథ్యానికి మరొక లక్షణం ఉంది. అది గడువుతో కూడినది. జ్వరం తగ్గాక పథ్యం పెడతారు. బాలింత కొన్నాళ్లు పథ్యం ఉంటుంది. నాటుమందు తిన్నవారు ఇన్ని రోజులని పథ్యం చేస్తారు. గడువు తీరగానే అందరి కంచంలోనిదే వారి కంచంలోకి వస్తుంది. అందుకే దీర్ఘకాలిక నియమాన్ని "పథ్యం" అని చెప్పినప్పుడు ఆరునెలలు తిరగకుండానే "ఇంకా ఎన్నాళ్లు?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. అది నిర్లక్ష్యంతో అడిగిన ప్రశ్న కాదు. ఆ మాటలోని అర్థమే అడిగిస్తున్న ప్రశ్న.

దీనికి సమాధానం స్థితిని బట్టి మారుతుంది. పాలు, గుడ్డు, గోధుమ ఎలర్జీలు చాలామంది పిల్లలలో వయసుతో పాటు తగ్గిపోతాయి. వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, చేపల ఎలర్జీలు ఎక్కువమందిలో నిలిచిపోతాయి. సీలియాక్ వ్యాధికి జీవితాంతం నియమం తప్పదు. కనుక మొదటిరోజే ఇంట్లోని పెద్దలందరికీ "ఇది రోజుల లెక్క పథ్యం కాదు, మళ్లీ ఎప్పుడు పరీక్షించాలో డాక్టరుగారు చెబుతారు, అప్పటిదాకా ఇంతే" అని చెప్పడం మంచిది. గడువు చెప్పలేకపోయినా, తరువాతి సమీక్ష తేదీ చెప్పగలిగితే పెద్దల మనసుకు ఒక ఆధారం దొరుకుతుంది.

4. వంటింటి పరిశీలన:

నియమం ఎక్కువగా తప్పేది తెలిసిన పదార్థాల దగ్గర కాదు, కనబడని పదార్థాల దగ్గర. తెలుగు వంటింటికి సంబంధించిన కొన్ని ఉదాహరణలు:

అ) గోధుమ: వరి, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, సామలలో గ్లూటెన్ లేదు. అందువల్ల తెలుగువారి సంప్రదాయ ఆహారం సీలియాక్ పిల్లలకు చాలావరకు అనుకూలమే. ఇడ్లీ, అట్టు, జొన్నరొట్టె, సంగటి యథాతథంగా పెట్టవచ్చు; అయితే పిండిని గోధుమ పట్టిన మరలోనే పట్టిస్తే అందులో గోధుమ కలుస్తుంది. బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా, మైదాతో చేసే బొబ్బట్లు, గవ్వలు మానవలసినవని అందరికీ తెలుస్తుంది. తెలియనిది ఇంగువ. బజారులో దొరికే కూటు ఇంగువలో గోధుమపిండి గాని, మైదా గాని కలపడం సాధారణం. పులిహోర, చారు, పప్పు తాలింపుల ద్వారా అది రోజూ కంచంలోకి చేరుతుంది. ఒంట్లో బాగాలేనప్పుడు ఇచ్చే బార్లీ జావ కూడా వీరికి నిషిద్ధమే.

ఆ) పాలు: ఆవుపాలు వికటించే బిడ్డకు గేదెపాలు, మేకపాలు మార్పుగా ఇవ్వడం ఇళ్లలో కనిపించే అలవాటు. వాటిలోని మాంసకృత్తులు ఆవుపాలలోని వాటిని పోలి ఉండడం వల్ల అవి కూడా చాలామంది పిల్లలకు వికటిస్తాయి. నెయ్యిలో సైతం పాల మాంసకృత్తుల జాడ మిగిలి ఉండవచ్చు. మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టిన మిరపకాయలు కాచిన నూనెలోనే అప్పడం వేయిస్తే, పాలు లేని అప్పడానికీ పాలు అంటుతాయి.

ఇ) వేరుశనగ, నువ్వులు, ఆవాలు: పచ్చళ్లు, పొడులు, గుత్తివంకాయ మసాలా, సకినాలు, చిమ్మిలి, ఆవకాయలలో ఇవి ఉంటాయి. ఆవకాయలో ఆవపిండితో పాటు నువ్వులనూనె కూడా ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఈ) ప్రభుత్వ పథకాల ఆహారం: అంగన్‌వాడీల ద్వారా చిన్నపిల్లలకు అందే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ బడి భోజనంలో గుడ్డు, పల్లీ చిక్కి ఉంటాయి. చాలామంది బిడ్డలకు మేలు చేసే ఈ ఆహారమే కొందరికి సరిపడదు. అంగన్‌వాడీ కార్యకర్తకు, ఉపాధ్యాయునికి రాతపూర్వకంగా తెలియజేయడం తల్లిదండ్రుల బాధ్యత.

ఉ) పొట్లం మీది రాత: భారత ఆహారభద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ గల ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, వేరుశనగ, గింజలు, సోయా ఉంటే పొట్లంపై ప్రకటించాలి. నువ్వులు, ఆవాలు ఈ జాబితాలో లేవు కాబట్టి పదార్థాల పట్టికను విడిగా చదవాలి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను కూడా ప్రకటించడం తప్పనిసరి అయింది. అక్కడి తెలుగు కుటుంబాలు ఇక్కడి నుంచి పొడులు, పచ్చళ్లు తెప్పించుకొనేటప్పుడు ఈ తేడాను గమనించాలి. పాలు అన్న మాట లేకుండా "కేసీన్", "వే" అని, బార్లీ అన్న మాట లేకుండా "మాల్ట్" అని ఉండవచ్చు. పెద్దలలో ఆంగ్లం చదవలేనివారు ఉన్న ఇంట, పొట్లాలపై తెలుగులో "బాబుకు వద్దు" అని చీటీ అంటించడం సులభమైన ఉపాయం.

5. ఎంగిలి: ఇంట్లో ఉన్న భావన:

ఒక వంటకంలో వాడిన గరిటె మరొక వంటకంలో పెట్టరాదన్న జాగ్రత్తను పెద్దలకు కొత్తగా నేర్పవలసిన పని లేదు. తెలుగు ఇంటిలో "ఎంగిలి" అన్న భావన ఆ పనిని ఎప్పటి నుంచో చేస్తున్నది. తిన్న చేయి గిన్నెలో పెట్టకపోవడం, నోటికి తాకిన చెంచా మళ్లీ ముంచకపోవడం, కంటికి కనిపించని స్పర్శకూ విలువ ఇవ్వడం ఇందులో ఉన్నాయి. "అత్తయ్యగారూ, పెరుగు గరిటె బాబు పప్పులో పెడితే వాడికి అది ఎంగిలి కింద లెక్కండీ" అన్న ఒక్క వాక్యం, సూక్ష్మపరిమాణాల గురించిన దీర్ఘ వివరణ కంటే త్వరగా అర్థమవుతుంది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇదే కోవలోని "మడి", "అంటు" అన్న మాటలకు మన సమాజంలో కులవివక్షతో కూడిన చరిత్ర ఉంది. బిడ్డ కంచాన్ని, గ్లాసును విడిగా ఉంచేటప్పుడు "అంటు" అన్న మాట దొర్లితే, రక్షణ కోసం చేసిన ఏర్పాటు వెలివేతగా మారుతుంది. విడిగా ఉంచవలసినవి బిడ్డ గిన్నెలే గాని బిడ్డ కాదు. ఆ గిన్నెలను మూలన పెట్టక, అన్నిటికంటే పై అరలో, బిడ్డకు నచ్చిన రంగులో ఉంచడం ఈ తేడాను మాటలు లేకుండానే చెబుతుంది.

6. బంతిలో బిడ్డ స్థానం:

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదు" అన్న సామెత పథ్యం ఉన్న బిడ్డకు అక్షరాలా వర్తిస్తుంది. పెళ్లిలో, పుట్టినరోజున బిడ్డ భద్రత వడ్డించేవారి చేతిలో ఉంటుంది. వారిలో ఒకరికైనా విషయం ముందుగా తెలియాలి.

మన సంప్రదాయం పంక్తిభేదాన్ని దోషంగా భావించింది. ఒకే వరుసలో కూర్చున్నవారికి వేరువేరు వడ్డనలు చేయరాదన్నది దాని సారం. ఈ నియమాన్ని బిడ్డకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. బిడ్డకు విడిగా ఒకటి పెట్టడం కాక, బిడ్డ తినగలిగినదాన్నే అందరికీ పెట్టడం. మన పండుగ వంటకాలలో ఇందుకు తగినవి తక్కువ కాదు. ఉగాది పచ్చడిలో పాలు, గోధుమ రెండూ లేవు. ఉండ్రాళ్లు బియ్యపురవ్వ, శనగపప్పులతో అవుతాయి. నూనెలో వేయించిన అరిసెలలో బియ్యప్పిండి, బెల్లమే ప్రధానం. నువ్వులు పడని బిడ్డకు అవి అద్దకుండా చేయవచ్చు. ఇంట జరిగే పండుగకు కనీసం ఒక తీపి అందరూ కలిసి తినేదిగా ఉంటే, మిగిలిన నాలుగు వంటకాలు వద్దన్నందుకు బిడ్డ అంతగా బాధపడడు.

ప్రసాదం మరింత సున్నితమైన విషయం. కాదంటే అపచారమన్న భయం పెద్దలది. లడ్డులో నెయ్యి, జీడిపప్పు. చక్కెరపొంగలిలో పాలు, నెయ్యి సాధారణం. ప్రసాదాన్ని కళ్లకద్దుకోవడమే స్వీకరించడమని మన ఆచారం అంగీకరిస్తుంది. పొట్లాన్ని విప్పకుండానే బిడ్డ చేత కళ్లకద్దించి, తినే భాగాన్ని తాతగారికి ఇప్పించి, బిడ్డకు కొబ్బరిముక్కో అరటిపండో పెడితే భక్తికీ లోటు రాదు, ఆరోగ్యానికీ లోటు రాదు. చేతితో తాకినా దద్దుర్లు వచ్చే బిడ్డయితే తల్లే కళ్లకద్దుకొని నమస్కారం చేయిస్తే చాలు.

7. బిడ్డతో మాట:

పసిపిల్లలను ఒక పదార్థానికి దూరంగా ఉంచడానికి బాలభాషలో మనకు అలవాటైన మార్గాలు మూడు: అసహ్యం ("ఛీ, కక్క"), భయం ("బూచాడు వస్తాడు"), అబద్ధం ("అయిపోయింది"). దీర్ఘకాలిక నియమానికి ఈ మూడూ పనికిరావు. పక్కింటి పాప ఇష్టంగా తింటున్న కేకును "కక్క" అంటే, బిడ్డ ఆ పాపతో అదే మాట అంటాడు. భయపెడితే తిండి అంటేనే భయం ఏర్పడుతుంది. "అయిపోయింది" అన్న అబద్ధం మరొకరి చేతిలో అదే తాయిలం చూసిన క్షణాన కూలిపోతుంది; ఆ తరువాత తల్లి చెప్పే నిజమైన హెచ్చరికకూ విలువ తగ్గుతుంది.

వీటికి బదులు నిజాన్నే వయసుకు తగిన మాటల్లో చెప్పాలి. రెండేళ్ల బిడ్డకు "ఇది నీకు పడదు, ఇది నీది" అన్న జంటవాక్యం చాలు. మొదటి సగం చెప్పి రెండవ సగం మానకూడదు. చేతిలో ఇవ్వడానికి మరొకటి సిద్ధంగా ఉండాలి. నాలుగేళ్ల బిడ్డకు "అది తింటే నీకు దద్దుర్లు వస్తాయి, ఊపిరి ఆడదు" అని కారణం చెప్పవచ్చు. బడికి వెళ్లే వయసుకు బిడ్డే చెప్పుకోగలగాలి: "నాకు పల్లీలు పడవండీ, అమ్మను అడిగి తింటాను." ఈ వాక్యాన్ని ఇంట్లో ఆటగా సాధన చేయించాలి. పెద్దవారు ప్రేమతో పెట్టినదాన్ని వద్దనడం అమర్యాద కాదని బిడ్డకు ముందుగానే తెలియాలి.

తోబుట్టువుల విషయమూ మరువరాదు. చిన్నవాడి కోసం ఇంట్లో ఐస్‌క్రీమే లేకుండా పోయిన అక్కకు లోపల కోపం ఉండవచ్చు. "నీ తమ్ముడి వల్ల" అన్న మాట వాడకుండా, ఆమెకు బయట వేరే సందర్భంలో అది దక్కేలా చూడడం న్యాయం.

8. పోషణ, సమీక్ష:

ఒక పదార్థాన్ని తీసివేసినప్పుడు దానితో పాటు పోయే పోషకాలను మరో దారిన తేవాలి. పాలు మానిన బిడ్డకు కాల్షియం, డి విటమిన్ ముఖ్యం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలలో 100 గ్రాముల రాగులకు 344 నుంచి 364 మిల్లీగ్రాముల వరకు కాల్షియం కనిపిస్తుంది. అయితే గింజలలోని ఫైటేట్ల వల్ల అదంతా ఒంటికి పట్టదు. మొలకెత్తించి పిండి చేస్తే కొంత మెరుగు. అందువల్ల రాగిజావ ఒక్కదానినే నమ్ముకోక, మందుల అవసరం గురించి వైద్యుని అడగాలి. పాలకు బదులు ఇచ్చే పానీయాలలో బియ్యపుపాలు, బాదంపాలు మాంసకృత్తుల విషయంలో పాలకు సాటిరావు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. సీలియాక్ అనుమానం ఉన్నప్పుడు పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మాన్పించకూడదు. మాన్పిస్తే ఫలితం తప్పుగా రావచ్చు. రక్తంలో ఐజీజీ కొలిచి పదుల కొద్దీ పదార్థాలను నిషేధించే పరీక్షలను ఎలర్జీ నిపుణులు ఆమోదించరు. అనవసరంగా మాన్పించడమూ హానికరమే. 2015లో వెలువడిన లీప్ అధ్యయనం, ముప్పు ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు మొదటి ఏడాదిలోనే తగిన రూపంలో వేరుశనగ అలవాటు చేస్తే ఆ ఎలర్జీ బాగా తగ్గుతుందని చూపింది. అంటే "ఎందుకైనా మంచిదని" మాన్పించడం ఎల్లప్పుడూ మంచిది కాదు. అలాగే "తినగా తినగా అదే అలవాటవుతుంది" అని ఇంట్లో ప్రయోగించడం ప్రమాదం. మళ్లీ రుచి చూపించే పరీక్ష వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. ఎత్తు, బరువు క్రమం తప్పక నమోదు చేయాలి.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. "పడదు" అన్న ఒక్క మాట మూడు భిన్నస్థితులను కలిపివేస్తున్నది. సందర్భాన్ని బట్టి "అరగదు", "వికటిస్తుంది", "చెరుపు చేస్తుంది" అని విడదీసి చెబితే వినేవారికి ప్రమాదతీవ్రత తెలుస్తుంది.

2. బిడ్డతో మాట్లాడేటప్పుడు మాత్రం "కూడదు" కంటే "నీకు పడదు" అన్న నిర్మాణమే మేలు. అది తప్పును బిడ్డపై మోపదు.

3. "పథ్యం" అన్న మాటలో గడువు ఇమిడి ఉంది. గడువు లేని నియమానికి ఆ మాట వాడినప్పుడు సమీక్ష తేదీని జోడించి చెప్పాలి.

4. ఎంగిలి, పంక్తిసమత్వం, కళ్లకద్దుకోవడం వంటి ఆచారాలు నియమపాలనకు అడ్డంకులు కావు. వివేకంతో వాడుకుంటే అవే తోడు.

5. తీసివేయవలసినది కచ్చితంగా తెలిసినదే అయి ఉండాలి. తీసివేసిన ప్రతిదానికీ కంచంలో బదులు ఉండాలి.

పథ్యం పాటించే బిడ్డకు నిజమైన లోటు ఒక వంటకం దక్కకపోవడం కాదు. బంతిలో తనకు చోటు లేదన్న భావన కలగడం. ఆ భావన కలగకుండా చూడడం ఏ మందూ చేయలేని పని. తల్లి, తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ, బడిలోని ఉపాధ్యాయుడు ఒకే మాట మీద ఉన్నప్పుడు అది సాధ్యమవుతుంది.